తిట్టుకుంటూనే ఏడున్నరకల్లా టీవీ ముందు

గుంటూరులో వేసవి ముదిరాక మిర్చి కుప్పల చుట్టూ ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తీస్తుంటారు. చేతులకు పని, ముక్కుకు ఘాటు. ఖాళీగా ఉండేది నోరొక్కటే. నిన్న రాత్రి ఏ సీరియల్లో ఏం జరిగిందో, ఎవరిది తప్పో అక్కడ తేలిపోతుంది. అవే మాటలు వేరే గొంతులతో బ్రాడీపేట టైలర్ షాపులోనూ, విజయవాడ సత్యనారాయణపురం అపార్టుమెంట్ల మెట్ల మీదా, పొద్దున్నే గుంటూరు నుంచి బెజవాడకు ఉద్యోగాలకు వెళ్ళే రైలు పెట్టెలోనూ వినిపిస్తాయి. ఎక్కడ విన్నా చివరికి రెండు ముక్కల్లోకి వచ్చి ఆగుతాయి. "ఇంకెన్నాళ్ళు లాగుతారండీ" అనేది మొదటిది. "ఆ రోజుల్లో సీరియళ్ళంటే సీరియళ్ళు" అనేది రెండోది.

ఈ రెండు మాటల్నీ ఉన్నవున్నట్టు నమ్మితే తెలుగు టీవీ పాతికేళ్ళుగా దిగజారుతూనే ఉండాలి, జనం ఎప్పుడో చూడటం మానేసి ఉండాలి. అలా జరగలేదు. లాగుతున్నారని పొద్దున విసుక్కున్నావిడే రాత్రి ఏడున్నరకల్లా కుక్కర్ దించేసి వచ్చి కూర్చుంటుంది. అంచేత ఈ మాటల్ని సీరియల్ బాగుందా లేదా అన్న తీర్పుగా తీసుకుంటే పప్పులో కాలేసినట్టే. ఆ సీరియల్ వారానికోసారి వచ్చేదా, రోజూ వచ్చేదా, ఒక ఎపిసోడుకీ ఇంకో ఎపిసోడుకీ మధ్య మాట్లాడుకోవడానికి ఎంత వ్యవధి దొరికేదీ అన్నది ముందు చూడాలి. పాతవాటి మీద ప్రేమా, కొత్తవాటి మీద విసుగూ చాలావరకు ఆ వ్యవధిలోంచి పుట్టినవే.

ప్రదర్శన మీద అక్కడికక్కడే తీర్పు చెప్పే అలవాటు ఈ ప్రాంతానికి టీవీతో రాలేదు. పద్యనాటకాల నాడే ఉంది. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలు పొలం గట్ల మీద పాడుకున్న జనం ఇక్కడివాళ్ళు. కృష్ణుడి పద్యం నచ్చితే "వన్స్ మోర్" అని అరిచి మళ్ళీ పాడించుకునేవారు. నచ్చకపోతే ఈలలు. (సాగదీతను అప్పట్లో ప్రేక్షకుడే అడిగి మరీ చేయించుకునేవాడన్నమాట.) తర్వాత పరిషత్తు నాటక పోటీలు వచ్చాయి, 1948లో మొదలైన విజయవాడ రేడియో కేంద్రం నాటకాలు వచ్చాయి. ముఖం కనపడకుండా గొంతును బట్టే నటుణ్ణి పోల్చుకోవడం ఆ రేడియో నేర్పిన విద్య. ఇవాళ సీరియల్ హీరోయిన్లలో చాలామంది కన్నడ, మలయాళ అమ్మాయిలు. వాళ్ళకు గొంతు అరువిచ్చేది వేరేవాళ్ళు. "ఆ పిల్ల గొంతూ ఈ పిల్ల గొంతూ ఒకటేనే" అని రెండు ఛానెళ్ళ మధ్య పోల్చి పట్టేసే పెద్దవాళ్ళు ఇక్కడ ఇంటికొకరుంటారు.

దూరదర్శన్‌లో రామాయణం 1987 జనవరిలో మొదలైంది. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర. ఆ మరుసటేడు అక్టోబరు 2న మహాభారతం మొదలై 94 భాగాలుగా 1990 జూన్ దాకా నడిచింది. రెండూ హిందీలోనే. ఇంట్లో హిందీ ప్రాథమిక, మధ్యమ పరీక్షలు రాసిన పిల్లో పిల్లాడో ఉంటే ఆ గంటసేపు వాళ్ళే పండితులు. భాష రాకపోయినా ఎవరికీ ఇబ్బంది కాలేదు, ఎందుకంటే కథ ముందే తెలుసు. తెలియనిది ఒక్కటే: వీళ్ళు దాన్ని ఎలా చేస్తారు? మాటలన్నీ దాని చుట్టూనే నడిచాయి. మహాభారతంలో కృష్ణుడు వేసిన నితీశ్ భరద్వాజ్ నవ్వు బాగుందనేవాళ్ళు ఉన్నారు. నిమ్మకూరులో పుట్టి, గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, 1957లో వెండితెర మీద కృష్ణుడై నిలబడిన ఎన్టీఆర్‌ను చూసిన కళ్ళకు ఏ కృష్ణుడూ ఆననివాళ్ళూ ఉన్నారు. రాయబారంలో పద్యం లేకపోతే అదేం రాయబారం అని పెద్దాయన గొణిగితే, హిందీలో పద్యాలేంటి తాతా అని మనవడు నవ్వేవాడు. ఈ వాదన తెమలడానికి ఆరు రోజుల టైముండేది. ఆదివారం చూసింది శనివారం దాకా నమలడానికి సరిపోయేది.

అప్పట్లో టీవీ ఉన్న ఇళ్ళు తక్కువ. ఒక ఇంటి ముందు గదిలో ఇరవై మంది చేరడం మామూలే. చూడటమూ మాట్లాడుకోవడమూ ఒకే చోట జరిగేవి. శుక్రవారం సాయంత్రం చిత్రలహరిలో పాత పాట ఎక్కువేశారా, కొత్త పాట ఎక్కువేశారా అన్నది కూడా చర్చే. ఆ అభిప్రాయాలు హైదరాబాదు కేంద్రానికి చేరాలంటే పోస్టుకార్డు రాయాలి. వాటికి జవాబులు చెప్పడానికి "జాబులు–జవాబులు" అని దూరదర్శన్‌లో ఒక కార్యక్రమమే ఉండేది. తమ ఊరి పేరు టీవీలో చదివితే చాలని రాసినవాళ్ళు ఎంతమందో! ప్రేక్షకుడి మాట నెమ్మదిగా నడిచేది, వచ్చిన జవాబూ నెమ్మదిగానే వచ్చేది. దానితో కార్యక్రమాలు మారిపోయాయని కాదు. మాట వెళ్ళిందన్న తృప్తి మాత్రం ఉండేది.

వారానికోసారి వచ్చే పద్ధతికి ప్రైవేటు ఛానెళ్ళ కాలంలో మిగిలిన పెద్ద గుర్తు జెమినీ టీవీ అమృతం. 2001 నుంచి 2007 దాకా 313 ఎపిసోడ్లు. హాస్యం కావడంతో చాలావరకు ఏ వారం కథ ఆ వారానికే ముగిసేది. అందుకే దాన్ని లాగారన్న ఫిర్యాదు ఎవరూ చెయ్యరు. దాని మీద నడిచే వాదన ఇంకొకటుంది. అమృతరావు వేషం మొదట శివాజీ రాజా, తర్వాత నరేష్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. ఎవరు అసలైన అమృతం అన్న పంచాయితీ ఇవాళ్టికీ తెగలేదు. మొదటాయన అమాయకత్వం ఇంకెవరికీ రాలేదని ఒకరు, ఎక్కువ నవ్వించింది హర్షవర్ధనే అని ఇంకొకరు. పక్కన మారకుండా నిలబడిన ఆంజనేయులు, అంటే గుండు హనుమంతరావు గురించి మాత్రం ఎవరికీ పేచీ లేదు. ఆయన పుట్టింది విజయవాడలో కావడంతో బెజవాడవాళ్ళ గొంతులో కాస్త గర్వం కూడా కలుస్తుంది. 2018లో ఆయన పోయినప్పుడు సొంత ఇంటి మనిషి పోయినట్టు బాధపడ్డారు. 2020 ఉగాదికి ఓటీటీలో అమృతం ద్వితీయం వచ్చినప్పుడు చాలామంది ముందుగా అన్న మాట "అంజి లేడు కదా" అనే.

ఇప్పుడు దీని పక్కన ఒక డైలీ సీరియల్ పెట్టి లెక్క చూడాలి. స్టార్ మాలో కార్తీకదీపం 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా నడిచింది. అమృతం నడిచిన కాలంకన్నా కాస్త తక్కువే. కానీ ఎపిసోడ్లు 1,500 దాటాయి, అంటే దాదాపు ఐదు రెట్లు. అరగంట స్లాటులో ప్రకటనలు తీసేస్తే కథకు మిగిలేది ఇరవై నిమిషాల పైచిలుకు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు ఎపిసోడ్లంటే వారానికి రెండు గంటలు. వారానికో సినిమా తీసినట్టు. ఐదేళ్ళపాటు వారానికో సినిమాకు సరిపడా కథ రాయగల రచయిత ఏ భాషలోనూ పుట్టలేదు. కాబట్టి ఒక మాటకు నలుగురి ముఖాలు చూపిస్తారు, ఆ ముఖాల మీదికి మూడేసి సార్లు కెమెరాను తీసుకెళ్తారు, నిన్న జరిగింది ఇవాళ గుర్తు చేసుకుంటారు.

ఎందుకు ముగించరంటే, ముగించడం నష్టం కాబట్టి. బాగా చూస్తున్న సీరియల్ ఉన్న గడియలో ప్రకటనకు ధర పలుకుతుంది. దాన్ని ఆపి కొత్తది పెడితే సెట్లు, నటులు, ప్రచారం అంతా మళ్ళీ మొదలు, జనం కూర్చుంటారో లేదో తెలీదు. ఆడుతున్న సీరియల్‌ను ఆపమనడం, కాసే చెట్టును కొట్టెయ్యమన్నట్టు. ఇక్కడిదాకా అందరూ చెప్పే సంగతే. చూసేవాళ్ళ వైపు నుంచి మాత్రం ఎవరూ అంతగా చెప్పని కారణం ఇంకొకటి ఉంది: ఆ లాగుడు వాళ్ళకు పనికొస్తుంది. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంట్లో ఇంకో పని లేకుండా సోఫాలో కూర్చుని చూసే ఇల్లాలు ఎంతమంది? ఒక కన్ను స్టవ్ మీద, ఒక చెవి హాల్లోకి. పోపు వేసే చప్పుడులో ఒక డైలాగు పోయినా, ఫోనొచ్చి ఒక సీను పోయినా, కరెంటు పోయి ఎపిసోడే పోయినా కథ చెయ్యి జారకూడదు. సగం విని సగం చూసే మనిషి కోసం అల్లిన కథ అది. పని మానుకుని కూర్చుని చూస్తే విసుగే వస్తుంది. సెలవు రోజుల్లో ఇంటికొచ్చిన కొడుకులకు సీరియల్ మీద అంత వెటకారం ఉండటానికి ఇదీ ఒక కారణం. వాళ్ళు కూర్చుని చూస్తారు.

రోజూ వచ్చేదానికి మధ్యలో మాటలకు దొరికే వ్యవధి ఒక్క రోజే. ఇవాళ్టి ఎపిసోడు చివర రేపటి ప్రోమో చూపించేస్తారు కాబట్టి ఊహించడానికి కూడా పెద్దగా మిగలదు. ఇక నోటికి దొరికేది తిట్టే. కార్తీకదీపం విషయంలో ఈ తిట్టు ఒక కళ అయింది. డాక్టర్ బాబు, అంటే హీరో కార్తీక్, పేరున్న గుండె డాక్టరు. భార్య దీపకు పుట్టిన బిడ్డ తన బిడ్డ కాదని ఏళ్ళ తరబడి అనుమానం. "ఒక్క డీఎన్ఏ టెస్టు చేయిస్తే పోయేదానికి ఇన్నేళ్ళా" అని అడగని ఇల్లు లేదు. ఈ ప్రశ్న వేసినవాళ్ళకు జవాబు తెలుసు: టెస్టు చేయిస్తే సీరియల్ అయిపోతుంది, రేపు మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. వంటలక్కను, అంటే దీపను, ఏడిపించిన విలన్ మోనితకు శాపనార్థాలు పెట్టడం రాత్రి భోజనంలో ఊరగాయలాంటిది. ఐపీఎల్ మ్యాచ్ కూడా ఏడున్నరకే మొదలవడంతో ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో రిమోట్ కోసం జరిగిన యుద్ధాలు వేరే కథ. చివరికి టీవీ ఎవరికి దక్కిందో, ఫోనులో చూసుకోవాల్సింది ఎవరికొచ్చిందో చాలా ఇళ్ళ మగవాళ్ళు ఒప్పుకోరు.

ఈ తిట్లు వినేవాళ్ళు లేరనుకోవడం పొరపాటని 2022లో తేలింది. ఆ ఏడాది దీప, కార్తీక్ ప్రమాదంలో పోయినట్టు చూపించి, వాళ్ళ కూతుళ్ళు సౌర్య, హిమ పెద్దవాళ్ళయ్యేదాకా కథను ఒక్కసారి దూకించారు. సీరియల్ భాషలో దీన్ని లీప్ అంటారు. నాలుగున్నరేళ్ళు లాగుతున్నారన్న జనానికి కథ అంత వేగంగా పరిగెత్తితే సంతోషం కలగాలి. ఎవరికీ కలగలేదు. "వాళ్ళు లేకపోతే ఇంకెందుకు చూడ్డం" అన్నారు. కొన్ని నెలలకే ఇద్దరూ బతికి వచ్చారు. వేగం కావాలని అడిగినట్టు కనపడిన జనం నిజానికి అడిగింది అది కాదు. రోజూ ఆ గడియకు తెలిసిన ముఖాలు కనపడాలి, వాళ్ళ కష్టం మీద ఓ మాట అనడానికి చోటుండాలి. కథ కదలకపోయినా సర్దుకుంటారు, మనుషులు మారితే సర్దుకోరు. ఒక్క వేషంలో ముగ్గుర్ని చూసి ఒప్పుకున్న అమృతం ప్రేక్షకుడికీ వీళ్ళకూ ఉన్న తేడా ఇక్కడే. వారానికోసారి వచ్చేవాడు చుట్టం, రోజూ వచ్చేవాడు ఇంటివాడు.

అలాంటప్పుడు "ఆ రోజుల్లో సీరియళ్ళు" అన్న మాట ఏమిటి? ఆ మాటలో తరచూ వినపడే పేర్లు చక్రవాకం, మొగలిరేకులు. రెండూ మంజులా నాయుడివి, రెండూ జెమినీలో వచ్చినవి, రెండూ డైలీలే. మొగలిరేకులు 2008 నుంచి 2013 దాకా నడిచింది. అది నడుస్తున్న రోజుల్లో అన్న మాటలూ ఇవే: లాగుతున్నారు, ఎప్పటికి అవుతుందో, ఇంత ఏడుపేంటి. అయిపోయి పదేళ్ళు దాటేసరికి ఆణిముత్యమైంది. అందులోని ఆర్కే నాయుడి పేరు చెప్తే ఇప్పటికీ మాట మెత్తబడే అమ్మాయిలున్నారు. ఆ కాలంలో బడి పిల్లలు వాళ్ళు. హోంవర్కు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఓరకంట చూసినవాళ్ళు. ఇప్పుడు సొంత సంసారాలున్నవాళ్ళు. ఏ సీరియల్ గొప్పదని అడిగితే ఏ క్లాసులో ఉన్నప్పుడు చూశారో చెప్తారు. టైటిల్ సాంగ్ వినపడగానే వాళ్ళకు కథ గుర్తురాదు, అమ్మమ్మగారింటి హాలు గుర్తొస్తుంది.

పోలికలో ఇంకో మోసం ఉంది. పాతది యూట్యూబులో చూస్తారు, నచ్చని చోట ముందుకు తోసేస్తారు. వెయ్యి ఎపిసోడ్లలో మంచి యాభై మనసులో మిగులుతాయి. కొత్తదాన్ని నిన్న రాత్రి ఎపిసోడ్‌తో తూచుతారు. యాభై ఏరిన గింజలు ఒక తక్కెడలో, నిన్నటి దోసెడు ఊక ఇంకో తక్కెడలో. ఏది మొగ్గుతుందో తెలిసిందే. పాత రోజుల్లో అన్నీ సొంత కథలే, ఇప్పుడే అరువు కథలు అన్నది కూడా నిలబడని మాట. ఈటీవీ 1995లో మొదలయ్యాక అన్వేషిత లాంటివి ఇక్కడే పుట్టాయి, నిజమే. కానీ ఊళ్ళకు ఊళ్ళు కూర్చుని చూసిన రాధిక నటించిన పిన్ని, తమిళ సీరియల్ చిత్తికి డబ్బింగ్. పెదాల కదలిక ఒకటి, మాట ఒకటి. ఎవరూ పట్టించుకోలేదు. రేడియో అలవాటు అక్కడ కూడా పనికొచ్చిందేమో.

అలాగని పాతవాళ్ళ ఫిర్యాదంతా ఉత్త జ్ఞాపకాల తియ్యదనం అనుకోనక్కర్లేదు. ఒక విషయంలో వాళ్ళదే నిజం. వారానికోసారి వచ్చే కథల చోటు ప్రైమ్ టైంలో దాదాపు పోయింది. ఆ చోట ఇప్పుడు ఉన్నవి పాటల పోటీలు, డాన్సు పోటీలు, 2013లో మొదలైన జబర్దస్త్ బాపతు స్కిట్లు. ఒక కథ చూసి ఆరు రోజులు ఆలోచించే అవకాశం టీవీలో లేకుండా పోయిందన్నది కొట్టిపారేసే మాట కాదు. ఆ అవకాశం ఉన్నప్పుడు మాట్లాడుకునే తీరే వేరు: రాయబారంలో పద్యం ఉండాలా అని వాదించుకోవడానికీ, టెస్టు ఎప్పుడు చేయిస్తాడని విసుక్కోవడానికీ మధ్య ఉన్న దూరం కొలవాల్సిన పనిలేదు.

ఛానెళ్ళు కొలిచేది మాత్రం ఈ దూరాన్ని కాదు. ఎవరేం చూస్తున్నారో లెక్కకట్టే బార్క్ సంస్థ దేశమంతటా 50,000కు పైగా ఇళ్ళలో పెట్టిన మీటర్లు ఏ ఛానెల్ నడుస్తోందో శబ్దంలో దాచిన గుర్తును బట్టి పట్టుకుంటాయి. గురువారం అంతకుముందు వారం లెక్కలొస్తాయి. ఆంధ్ర, తెలంగాణ కలిపి ఒకే మార్కెట్టు. మీటరుకు టీవీ వినపడుతుంది, టీవీ ముందు కూర్చున్నవాళ్ళు ఏమంటున్నారో వినపడదు. "ఛీ, ఇదేం సీరియల్" అంటూ చివరిదాకా చూసిన ఇల్లూ, కళ్ళు తుడుచుకుంటూ చూసిన ఇల్లూ దానికి ఒకటే. కాబట్టి తిట్టుకుంటూ చూడటమంటే ఛానెల్ లెక్కలో మెచ్చుకున్నట్టే. ఇది తెలిసీ సీరియల్ అభిమానులు గురువారం అంకెల కోసం ఎదురుచూస్తారు. తమ సీరియల్ పక్క సీరియల్‌ను దాటిందా లేదా అని ఎన్నికల ఫలితాల్లా చూస్తారు.

బిగ్ బాస్ అయితే ఆ అభిప్రాయాన్ని నేరుగా ఓటు చేసేసింది. 2018లో రెండో సీజన్ గెలిచిన కౌశల్ ఒకప్పటి చక్రవాకం నటుడు. ఆయన అభిమానులు తమను తాము ఆర్మీ అని పిలుచుకున్నారు. సీరియల్ అభిమానికి అంత దూకుడు లేదు, అవసరమూ లేదు.

ఇటీవల మారింది ఇంకొకటి: అందరూ ఒకే ఎపిసోడ్‌లో ఉండటం లేదు. జియోహాట్‌స్టార్‌లో డబ్బు కట్టినవాళ్ళు టీవీలో రాకముందే చూసేస్తున్నారు. రైల్లో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిలో ఒకావిడ రాత్రి ఏడున్నరకు వచ్చేది పొద్దున్నే చూసి వచ్చి ఉంటుంది. "చెప్పకమ్మా, చెప్పకు" అని రెండో ఆవిడ చెవులు మూసుకోవడం, రెండు నిమిషాలాగి "సరే, వాడు దొరికాడా లేదా అదొక్కటి చెప్పు" అనడం. రీమేకుల సంగతి ఇంకా తమాషా. గుండె నిండా గుడి గంటలు ఒక తమిళ సీరియల్‌కు రీమేక్, బ్రహ్మముడి బెంగాలీ నుంచి వచ్చింది. అసలుదాన్ని వెతికి పట్టుకుని చూసినవాళ్ళకు నెలల ముందే కథ తెలుసు. ఒకప్పుడు హిందీ మధ్యమ పాసైన పిల్లకున్న పెద్దరికం ఇప్పుడు వీళ్ళది. అయితే తెలుగులో మధ్యలో దారి మార్చేస్తుంటారు, అప్పుడు ఈ జోస్యాలన్నీ తప్పి ఆ పెద్దరికమూ పోతుంది.

2024 మార్చిలో కార్తీకదీపం మళ్ళీ మొదలైంది, ఇది నవ వసంతం అన్న ఉపశీర్షికతో. అదే ప్రేమి విశ్వనాథ్, అదే నిరుపమ్ పరిటాల, పేర్లు కూడా దీప, కార్తీకే. కథ మాత్రం వేరు. విలనీ చేసే పిల్ల పేరు జ్యోత్స్న. మెట్ల మీద మళ్ళీ పంచాయితీ కూర్చుంది. ఈ జ్యోత్స్న ఎంత చేసినా ఆ మోనిత పట్టు రాలేదంటున్నారు, ఐదేళ్ళపాటు మోనితకు శాపనార్థాలు పెట్టిన ఆ నోళ్ళే.